బీరువాలో బందీలైన మా వీరులు – ఒక అభిమాని అభిప్రాయం

 

ఈసారి గోడ పత్రికలో నాకు నాలుగు చార్టులు ఇచ్చారు. నా దస్తూరీ కోడి కెలికినట్టు ఉంటుందని పదో తరగతి 'ఎ' సెక్షన్ చెల్లెలు ఒకమ్మాయి దీన్ని ఎత్తి రాసింది. అక్షరాలు బాగుంటే ఆమె గొప్ప, అభిప్రాయం బాగోకపోతే నా తప్పు. మెస్సుకి వెళ్తూ వెళ్తూ సగం చదివి వదిలేయకండి. కంచం కడుక్కున్నాక వచ్చి మిగతాది చదవండి. చివర్లో అందరితో ఒక పని ఉంది.

విషయం ఏమిటంటే, రెండు నెలలుగా మన ఆఫీసు గదిలోని ఆకుపచ్చ బీరువాలో కొంతమంది వీరులు బందీలుగా ఉన్నారు. వాళ్ళలో ముసుగు వేసుకున్న ఫాంటమ్ ఉన్నాడు, మాండ్రేక్ ఉన్నాడు, డిటెక్టివ్ యుగంధర్ ఉన్నాడు, షాడో ఉన్నాడు, షెర్లాక్ హోమ్స్ ఉన్నాడు. చందమామ బైండు పుస్తకాల్లో చెట్టు మీది శవంతో సహా విక్రమార్కుడు కూడా ఉన్నాడు. వాళ్ళందరినీ అరెస్టు చేసింది మన వార్డెన్ మాస్టారు. అరెస్టు చేయడానికి కారణం ఉంది. ఆ కారణంలో నా పాత్రే ఎక్కువ. అందుకే ఈ వ్యాసం నేను రాయాల్సి వచ్చింది.

ముందు నేనెలాంటి అభిమానినో చెప్పాలి.

మన లైబ్రరీకి రిటైరయిన ఒక మాస్టారు ఇచ్చిన గోనె సంచిలో పాత ఇంద్రజాల్ కామిక్స్ ఉన్నాయి. ఇంగ్లీషువి. బొమ్మలు చూసి కథ ఊహించుకుంటూ, తెలియని మాటకి డిక్షనరీ చూసుకుంటూ చదివాను. నాకు ఇంగ్లీషులో వచ్చే మార్కుల్లో సగం ఫాంటమ్ పెట్టిన భిక్షే అని మా ఇంగ్లీషు మాస్టారికి కూడా తెలుసు. ఆ కామిక్స్ 1964లో మొదలై 1990లో ఆగిపోయాయి. అంటే నేను పుట్టకముందే పోయాయి. ఫాంటమ్ కథలు పుట్టింది మాత్రం అమెరికాలో, 1936లో. లీ ఫాక్ అనే ఆయన రాశాడు. అంతకు రెండేళ్ళ ముందే మాండ్రేక్‌ని కూడా ఆయనే పుట్టించాడు.

తెలియని తమ్ముళ్ళ కోసం కథ చెప్తాను. నాలుగు వందల ఏళ్ళ కిందట సముద్రపు దొంగలు ఒక ఓడని కొల్లగొట్టి అందరినీ చంపేశారు. ఒక్కడు మాత్రం ఒడ్డుకి కొట్టుకొచ్చాడు. అడవి జనం అతన్ని కాపాడి బతికించారు. అతను తన తండ్రిని చంపినవాడి పుర్రె మీద చెయ్యి పెట్టి, అన్యాయాన్ని ఎదిరిస్తానని ఒట్టు పెట్టుకున్నాడు. ముసుగు తొడుక్కున్నాడు. అతను చచ్చిపోతే కొడుకు, కొడుకు పోతే మనవడు అదే ముసుగు వేసుకుంటూ వచ్చారు. బయటివాళ్ళకి ఇదంతా తెలియక, ఈయన చావు లేనివాడనుకుంటారు. ఇప్పుడున్నది 21వ వాడు. పుర్రె గుహలో ఉంటాడు. గుర్రం ఉంది, తోడేలు ఉంది. ఉంగరంతో గుద్దితే దవడ మీద పుర్రె గుర్తు పడుతుంది.

ఇది చదివి ఎవరికి రక్తం ఉడకదు చెప్పండి! నేను ఎనిమిదో తరగతిలో ఉండగా తువ్వాలు ముఖానికి చుట్టుకుని డార్మెటరీ కిటికీలోంచి దూకి మోకాలు చెక్కుకుపోయినవాణ్ణి. మచ్చ ఇంకా ఉంది.

అయితే మొన్న ఎండాకాలం సెలవల్లో మళ్ళీ చదువుతుంటే ఒకచోట ఆగిపోయాను. ఆ అడవి జనం పేరు బందర్. హిందీ పీరియడ్‌లో మనం నేర్చుకున్నాం కదా, బందర్ అంటే ఏమిటో? కోతి. రాసినాయన మనసులో ఏముందో నేను చెప్పలేను. కానీ హిందీ తెలిసిన ఈ దేశంలో ఆ పుస్తకం చదివిన పిల్లలందరికీ ఆ మాట ఎలా వినబడి ఉంటుంది?

సరే, పేరు వదిలేద్దాం. పని చూద్దాం. బందర్ జనం విషపు బాణాలు వేయగలరు. అడవిలో ఏ ఆకు కదిలినా వాళ్ళకి తెలుస్తుంది. సముద్రంలో కొట్టుకొచ్చిన మొదటి ఫాంటమ్‌కి తిండిపెట్టి ప్రాణం పోసింది వాళ్ళే. మరి ఇన్ని వచ్చినవాళ్ళకి నాలుగు వందల ఏళ్ళలో ఒక్కసారైనా ఆ ముసుగు దక్కిందా? లేదు. వాళ్ళ నాయకుడు గురాన్ చాలా మంచివాడు, ఫాంటమ్‌కి చిన్ననాటి స్నేహితుడు. అయినా అతని పని ఏమిటి? ఢంకా కొట్టించడం, కబురు తేవడం, ఫాంటమ్ గొప్పతనం పిల్లలకి చెప్పడం. అడవి వాళ్ళది, సింహాసనం మాత్రం ఒడ్డుకి కొట్టుకొచ్చిన వాడిది. 21 తరాలు!

ఇక్కడ న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ కథలు తర్వాత తర్వాత కొంత మారాయి. ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చినట్టు, లమండా లువాగా అనే నల్లజాతి డాక్టరుగారు ప్రెసిడెంటు అయినట్టు రాశారు. అది నాకు చాలా నచ్చింది. మన దేశంలోనే 1976లో ఆబిద్ సూర్తీ గారు బహదూర్ అనే వీరుణ్ణి పుట్టించారు. అతను ముసుగు వేసుకోడు. బందిపోట్ల నుంచి ఊరిని కాపాడటానికి ఊరివాళ్ళనే జతచేస్తాడు. నాకిప్పుడు ఫాంటమ్ కన్నా అతనే ఒక మెట్టు పైన కనబడుతున్నాడు. మోకాలి మచ్చ మీద ఒట్టు.

ఇప్పుడు టీవీ సంగతి. ఆదివారం మధ్యాహ్నం కోడికూర తిని డైనింగ్ హాల్లో మనం చూసేది ఛోటా భీమ్. ఏడో తరగతి తమ్ముళ్ళు కొట్టడానికి వస్తారేమో గాని, నా అభిప్రాయం నేను చెప్పాలి కదా!

ఛోటా భీమ్ మన హైదరాబాదులో పుట్టినవాడు. రాజీవ్ చిలక గారి గ్రీన్ గోల్డ్ వాళ్ళు తయారు చేశారు. 2008లో టీవీలో మొదలయ్యాడు. బొమ్మల సినిమాలన్నీ అమెరికా, జపాన్ నుంచే రావాలా అని అనుకునే రోజుల్లో, మనవాళ్ళు ధోవతి కట్టిన పిల్లాణ్ణి తెచ్చి దేశమంతా చూసేలా చేశారు. ఇది చిన్న సంగతి కాదు. 2012లో అతను సినిమా హాలుకెక్కాడు, 2019లో పాకే పసివాడి రూపంలో ప్రపంచమంతటికీ వెళ్ళాడు. మన సంతలో చూడండి. బ్యాగు మీద భీమ్, కంపాస్ బాక్సు మీద భీమ్, నీళ్ళ సీసా మీద భీమ్.

నా పేచీ సరిగ్గా అక్కడే ఉంది. కొండ కింద సంత దాకా బ్యాగు అమ్మాలంటే భీమ్ మారకూడదు. పెరగకూడదు. ఓడిపోకూడదు. ఢోలక్‌పూర్‌కి ఆపద వస్తుంది, భీమ్ లడ్డూ తింటాడు, గుద్దుతాడు, ఆపద పోతుంది. కాలియా ప్రతిసారీ బొక్కబోర్లా పడతాడు. చుట్కీ ప్రతిసారీ లడ్డూ అందిస్తుంది. రాజుగారికి ఇంత సైన్యం ఉన్నా ఊరికి దిక్కు ఒక చిన్నపిల్లాడు! ఇన్ని ఏళ్ళుగా కాలియాకి బుద్ధి రాలేదు, చుట్కీకి లడ్డూ తినే వంతు సరిగ్గా రాలేదు. మనం నవ్వుకుంటూ చూస్తాం, నేనూ చూస్తాను. కానీ ఒక్కటి గమనించండి. చాలా ఎపిసోడ్లలో ఆపద ఎక్కడినుంచి వస్తుంది? అడవి నుంచి. రాక్షసుడు అడవిలో ఉంటాడు, మంత్రగత్తె అడవిలో ఉంటుంది, బందిపోటు అడవిలో ఉంటాడు. ఊరివాళ్ళు అమాయకులు, అడవివాళ్ళు ప్రమాదం.

మన ఇళ్ళు ఎక్కడున్నాయి మిత్రులారా? అడవిలోనే కదా! మా ఊళ్ళో అయితే చీకటి పడ్డాక వచ్చే ఆపద ఒక్కటే, ఎలుగుబంటి. అది కూడా పనసపళ్ళ కోసం వస్తుంది.

ఇక మూడోది థ్రిల్లర్ నవలలు. ఇక్కడే నా తప్పు ఉంది.

తెలుగులో డిటెక్టివ్ నవలలకి పెద్ద కాలమే నడిచింది. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, అతని అసిస్టెంటు రాజు. మధుబాబు గారి షాడో. మా బాబాయి కాలంలో ఈ పుస్తకాలు అద్దెకి తెచ్చుకుని, నలుగురు పంచుకుని, ఒక్క రాత్రిలో చదివి ఇచ్చేసేవారట. 1980లలో యండమూరి వీరేంద్రనాథ్ గారి కాలం వచ్చింది. ఆయన 'తులసిదళం' నవలతో చేతబడి, క్షుద్రపూజల కథలకి గిరాకీ పెరిగింది. దాన్ని విమర్శిస్తూ రంగనాయకమ్మ గారు ఏకంగా ఒక పుస్తకమే రాశారు. అదే యండమూరి గారు 'అభిలాష' కూడా రాశారు. ఉరిశిక్ష వల్ల తప్పు చేయనివాడు కూడా చచ్చిపోవచ్చని చెప్పడానికి ఒక లాయరు తన మెడనే పణంగా పెట్టే కథ. 1983లో సినిమాగా వచ్చింది. ఉత్కంఠతో పాటు మనిషి ఆలోచించేలా కూడా రాయవచ్చని అది చూస్తే తెలుస్తుంది. కాబట్టి థ్రిల్లర్లన్నీ చెత్త అనే పెద్దల మాట నేను ఒప్పుకోను.

నా చేతికి దొరికింది మాత్రం వీటిలో ఏదీ కాదు. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు, పేరు కూడా తెలియదు. ఒక పాత చేతబడి నవల. అందులో మాంత్రికుడు కొండల్లోంచి దిగివస్తాడు. ఎర్రటి కళ్ళు, మెడలో ఎముకలు, మనకి తెలియని ఏదో భాష. పట్నంలో ఒక పసిపిల్ల మీద ప్రయోగం చేస్తాడు. ఆగస్టు నెలలో రోజూ వాన. లైట్లు ఆర్పేశాక టార్చి వేసుకుని నేను పైకి చదివేవాణ్ణి. ముప్ఫై మంది దుప్పట్లు కప్పుకుని వినేవారు. గొంతు మార్చి చదివేవాణ్ణి. బాగా చదువుతున్నానని నాకు గర్వంగా ఉండేది. నిజం చెప్పాలి కదా!

ఆ రోజుల్లోనే ఏడో తరగతి తమ్ముడు ఒకడు గేటు దగ్గర జామకాయల మామ్మ దగ్గర రెండు కాయలు తీసుకుని డబ్బులివ్వకుండా పరిగెత్తాడు. మామ్మ తిట్టింది. ముసలివాళ్ళు తిట్టినట్టే తిట్టింది, "నా కాయ నీకు అరగదురా" అంది. నాలుగో రోజు వాడికి చలిజ్వరం వచ్చింది. రాత్రికి ఒళ్ళు కాలిపోయింది, ఫిట్స్ వచ్చాయి. వాడు ఏదేదో మాట్లాడాడు.

డార్మెటరీలో ఒక మూల నుంచి ఎవరో మెల్లగా అన్నారు, "చిల్లంగి."

అంతే. ఇంకెవరో నా నవలలో సీను చెప్పారు. ఆ పిల్లకి కూడా ఇలాగే వచ్చింది కదా అన్నారు. మామ్మ కళ్ళు కూడా ఎర్రగా ఉంటాయి అన్నారు. (పొయ్యి పొగకి ఎవరి కళ్ళు ఎర్రగా ఉండవు?) ఆమె ఒక్కతే ఉంటుంది, మొగుడు పోయాడు, పిల్లలు లేరు, అన్నారు. తెల్లారేసరికి అది మాట కాదు, తీర్పు అయిపోయింది. మామ్మ మామూలుగానే బుట్ట పట్టుకుని వచ్చింది. ఎవరూ కొనలేదు. తర్వాత ఎవరో రాయి విసిరారు. ఆ రాయి బుట్టకి తగిలింది. రెండోది ఆమె భుజానికి తగిలింది. ఆమెకి ఏం జరుగుతోందో అర్థం కాలేదు. కింద పడ్డ కాయలు ఏరుకుంటూ, "ఏం బాబూ, ఏం బాబూ" అంటూనే ఉంది. లెక్కల మాస్టారు పరిగెత్తుకొచ్చి అడ్డం నిలబడ్డారు. లేకపోతే ఏమయ్యేదో నాకు తలుచుకోవాలంటేనే భయం.

నేను రాయి వేయలేదు. కానీ ఆ రాయిని ముప్ఫై చేతులకి అందించింది నేను చదివిన పేజీలు. అందుకే నేను వేయలేదని చెప్పుకోవడానికి నాకు సిగ్గుగా ఉంది.

ఆ ఉదయమే సిస్టరు గారు తమ్ముడి వేలికి సూది గుచ్చి చిన్న కిట్టు మీద రక్తం చుక్క వేశారు. పావుగంటలో గీత వచ్చింది. మలేరియా. అందులోనూ మెదడుకి ఎక్కే రకం. అంబులెన్సులో తీసుకెళ్ళారు, ఇంజక్షన్లు ఇచ్చారు. పది రోజులకి తిరిగొచ్చాడు. ఇప్పుడు ఇదే గోడ ముందు నిలబడి చదువుతుంటాడు. ఏరా తమ్ముడూ, బాగున్నావా!

మామ్మ మాత్రం ఇప్పటికీ రావడం లేదు.

ఆ ఆదివారమే వార్డెన్ మాస్టారు అందరి ట్రంకు పెట్టెలూ తెరిపించారు. నా నవల తీసుకున్నారు. మంచిదే. కానీ దానితో పాటు కథ అని పేరున్న ప్రతి పుస్తకాన్నీ తీసుకున్నారు. చందమామలు కూడా పోయాయి. కోపంలో అలా జరిగింది, నేనర్థం చేసుకోగలను. మాస్టారి స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణేమో.

అయినా మాస్టారూ, ఒక మాట అడగనివ్వండి. పుస్తకాలు లోపలికి వెళ్ళాయి. చిల్లంగి బీరువాలోకి వెళ్ళిందా? ఆ మాట నవల కన్నా ముందే మా ఊళ్ళలో ఉంది. మా తాతల కాలం నుంచీ ఉంది. దాని పేరు చెప్పి మనుషుల్ని ఊళ్ళోంచి వెళ్ళగొట్టడం, కొట్టడం, చంపడం కూడా మన కొండల్లో జరిగాయి. ఎక్కువగా ఎవర్ని? ఒంటరి ముసలివాళ్ళని, దిక్కులేని ఆడవాళ్ళని. బీహారులో దీనికి 1999లోనే చట్టం చేశారు. మన కొండ అవతలే ఉన్న ఒడిశాలో 2013లో చేశారు. చట్టం చేయాల్సి వచ్చిందంటే ఎంతమంది ఏడ్చి ఉంటారో ఆలోచించండి.

నవల చేసిన తప్పు చిల్లంగిని పుట్టించడం కాదు. ఉన్న భయానికి అచ్చు వేసి, ఇది నిజమే అన్నట్టు తిరిగి మనకే అమ్మింది. ఇంకో తప్పు కూడా చేసింది. భయానికి మన ముఖం తగిలించింది. ఆ మాంత్రికుడు ఎక్కడినుంచి దిగాడు? కొండల్లోంచి. ఏ భాష? మన భాషలాంటిదే ఏదో. పట్నంవాళ్ళు అది చదివి మనకి భయపడ్డారు. మనం అది చదివి మన మామ్మకే భయపడ్డాం. ఇంతకన్నా వింత ఉందా?

ఒక్క తెలుగు నవలలే ఇలా ఉన్నాయనుకోకండి. నాకు దేవుడిలాంటి షెర్లాక్ హోమ్స్ పుస్తకమే చూడండి. 1890లో వచ్చిన 'ది సైన్ ఆఫ్ ఫోర్' కథలో అండమాన్ ఆదివాసి ఒకడు వస్తాడు. విషపు ముల్లు ఊది చంపుతాడు. అతన్ని మనిషిగా కాక మృగంలా వర్ణించారు, నరమాంసం తినేవాడని రాశారు. అండమాన్ ఆదివాసుల మీద అది పచ్చి అబద్ధం. అంత తెలివైన హోమ్స్, బూట్ల మట్టి చూసి ఊరు చెప్పే హోమ్స్, ఈ ఒక్క విషయంలో ఎవరో రాసిన అబద్ధాన్ని పరీక్ష చేయకుండా నమ్మేశాడు!

కానీ అదే హోమ్స్ మనకి మందు కూడా ఇచ్చాడు. 1902లో పుస్తకంగా వచ్చిన 'బాస్కర్‌విల్ వేటకుక్క' కథలో ఒక వంశానికి దెయ్యపు కుక్క శాపం ఉందని అందరూ వణికిపోతారు. హోమ్స్ మాత్రం "అది ఎలా జరిగింది?" అని అడుగుతాడు. చివరికి తేలేదేమిటి? మామూలు పెద్ద కుక్క, దాని మూతికి మెరిసే భాస్వరం, వెనక ఆస్తి కోసం ఒక మనిషి. నా దృష్టిలో థ్రిల్లర్లు రెండే రకాలు. భయపెట్టి, ఎలా జరిగిందో విప్పి చూపించేది ఒకటి. భయపెట్టి అక్కడే వదిలేసేది ఇంకొకటి. మొదటిది చదివితే మెదడు పదునెక్కుతుంది. రెండోది చదివితే చేతికి రాయి వస్తుంది.

ఇంకో డిటెక్టివ్ కథ చెప్తాను, ఇది నిజంగా జరిగింది. మలేరియా జ్వరం మనిషికి ఎలా వస్తుందో ఎవరికీ తెలియని రోజులు. రొనాల్డ్ రాస్ అనే డాక్టరుకి దోమ మీద అనుమానం వచ్చింది. సికింద్రాబాదులో ఎండాకాలం, వానాకాలం తేడా లేకుండా దోమల్ని కోసి మైక్రోస్కోపులో చూశాడు. జ్వరం ఉన్న ఒక రోగిని దోమలతో కుట్టించి, కుట్టిన ప్రతి దోమకీ ఒక అణా ఇచ్చాడు. చివరికి 1897 ఆగస్టు 20న దోమ పొట్టలో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. 1902లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. వేటకుక్క పుస్తకం వచ్చిన ఏడాదే! మన తమ్ముడి ఒంట్లో దూరిన నేరస్తుణ్ణి నూట పాతికేళ్ళ కిందటే మన పక్కనే పట్టుకున్నారు. మనం మాత్రం జామకాయల బుట్టలో వెతికాం.

"ఇవన్నీ కథలే కదరా, సరదాగా చదివి వదిలెయ్యాలి గాని ఇంత లాగుతావేం" అని నా పక్క మంచం మిత్రుడు అంటాడు. సరే. కథకి అంత బలం లేకపోతే భీమ్ బొమ్మ వేస్తే బ్యాగు ఎందుకు అమ్ముడుపోతుంది? నేను కిటికీలోంచి ఎందుకు దూకాను? మంచికి బలం ఉందని ఒప్పుకున్నప్పుడు చెడుకి కూడా ఉందని ఒప్పుకోవాలి.

మరి మన కథలు ఏవి? ఎవరో రాయాలా?

1922 ఆగస్టు 22న మన చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి జరిగింది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు! తీసుకున్న తుపాకులకీ తూటాలకీ లెక్క రాసి, సంతకం పెట్టి మరీ వెళ్ళారు. షాడో కూడా ఇంత ధైర్యం చేయలేదు. అల్లూరి సీతారామరాజు గారి బొమ్మ మన అసెంబ్లీ హాల్లో ఉంది, రోజూ దండం పెడతాం. ఆయన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, అంత పాపం నాకొద్దు. కానీ ఆయన వెనక నిలబడిన గాం గంటందొర, గాం మల్లుదొరల బొమ్మలు మనలో ఎందరు చూశారు? గంటందొర 1924లో పోరాటంలోనే ప్రాణం ఇచ్చాడు. మల్లుదొర పట్టుబడి అండమాన్ జైలుకి వెళ్ళాడు. తిరిగి వచ్చాడు. స్వతంత్ర దేశంలో 1952లో జరిగిన మొదటి ఎన్నికల్లో పార్లమెంటు సభ్యుడయ్యాడు! అడవి నుంచి అండమాన్‌కి, అండమాన్ నుంచి ఢిల్లీకి. ఇంతకన్నా పెద్ద థ్రిల్లర్ ఎవరైనా రాసి చూపించండి. అయినా ఏ బొమ్మలోనైనా ఆ అన్నదమ్ములు విల్లు పట్టుకుని వెనక వరసలోనే ఉంటారు. గురాన్ గుర్తుకొస్తున్నాడా?

కొమరం భీం సంగతీ అంతే. అస్సాం తేయాకు తోటల దాకా వెళ్ళి పనిచేసి, చదవడం రాయడం నేర్చుకుని వచ్చాడని ఆయన చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. 2022లో వచ్చిన పెద్ద సినిమాలో మాత్రం చివర్లో ఆయన చదువు చెప్పమని స్నేహితుణ్ణి అడుగుతాడు. కల్పిత కథ అని వాళ్ళే చెప్పారు, సినిమా నేనూ ఈలలు వేస్తూ చూశాను. కానీ ఆ ఒక్కచోట నా ఈల ఆగిపోయింది.

ఇక నా విన్నపాలు.

మొదటిది వార్డెన్ మాస్టారికి. దయచేసి బీరువా తెరవండి. చేతబడి నవల కూడా ఇవ్వమని అడుగుతున్నాను, కోప్పడకండి. ఆదివారం సాయంత్రం స్టడీ అవర్‌లో ఒక్క గంట, మీరు గాని సైన్సు మాస్టారు గాని ఉండగా, పట్టపగటి వెలుతురులో దాన్ని అందరి ముందూ చదువుదాం. దుప్పటి కింద వంద తలల రాక్షసి, బల్ల మీద పెడితే అట్ట లేని చిరిగిన పుస్తకం. చదివే ప్రతి కథనీ మూడు ప్రశ్నలు అడుగుదాం. ఇందులో గెలిచేది ఎవరు, అతని మూట మోసేది ఎవరు? భయానికి ఎవరి ముఖం పెట్టారు? అది ఎలా జరిగిందో విప్పి చెప్పారా, లేదా?

రెండోది మిత్రులకి. వచ్చే నెల ఈ గోడ మీద మనమే ఒక బొమ్మల కథ వేద్దాం. మల్లుదొర కథ. తొమ్మిదో తరగతిలో బొమ్మలు బాగా వేసేవాళ్ళు ఇద్దరున్నారు. నేను మాటలు రాస్తాను. గర్ల్స్ హాస్టల్ చెల్లెళ్ళు కూడా కలవాలి, లడ్డూలు అందించడానికి కాదు, కథ రాయడానికి. ఊరికి వెళ్ళినప్పుడు తాతల్నీ మామ్మల్నీ అడిగి విన్నవి రాసుకుని రండి. ముసుగు వద్దు, మన ముఖాలే వేద్దాం.

మూడోది, నేను మొదట్లో చెప్పిన పని. జామకాయల మామ్మ ఇల్లు వాగు అవతల, చింతచెట్టు పక్కన ఉంది. లెక్కల మాస్టారు దారి చూపిస్తానన్నారు. ఈ శనివారం ఔటింగ్ పర్మిషన్ ఇస్తే నేను వెళ్తాను. ఆ రోజు పడిపోయిన కాయలకి డబ్బులు ఇవ్వాలి. తప్పయిపోయిందని చెప్పాలి. జ్వరం వచ్చిన తమ్ముడు కూడా వస్తానన్నాడు. తన రెండు కాయల బాకీ తనే తీరుస్తాడట. రాయి వేసినవాళ్ళ పేర్లు నేను చెప్పను, మాస్టారూ అడగవద్దు. వాళ్ళు వాళ్ళంతట వాళ్ళే గేటు దగ్గరికి వస్తారని నా నమ్మకం.

నా అభిప్రాయం తప్పనిపించినవాళ్ళు వచ్చే సంచికకి జవాబు రాయండి. ఛోటా భీమ్ అభిమానులకి ప్రత్యేకంగా ఒక చార్టు వదిలిపెట్టమని సంపాదకులకి చెప్పాను. చార్టు మీదే రాయండి, నా దుప్పటి మీద కాదు.

ఇట్లు,
మీ మిత్రుడు,
పదో తరగతి 'బి', కిటికీ పక్క మంచం